జర్మనీలో అద్దె గది: ఇంటి దగ్గర నుంచే డబ్బు పంపాలా, వెళ్ళి చూసుకోవాలా?

జర్మనీలో అపార్టుమెంటు భవనాల వీధి తలుపు పక్కన ఒక లోహపు పలక ఉంటుంది. దాని మీద వరుసగా బెల్లులు, ఒక్కో బెల్లు పక్కన ఆ ఇంట్లో ఉండేవారి ఇంటిపేరు. మన దగ్గరలా ఫ్లాటు నంబరు సాధారణంగా ఉండదు. ఉత్తరమైనా, చుట్టమైనా ఆ పేరును పట్టుకునే ఇల్లు చేరాలి. రెండేళ్ళ కిందట, సెప్టెంబరులో ఒక సాయంత్రం, ఒక తెలుగు అమ్మాయి బెర్లిన్‌లో అలాంటి పలక ముందు రెండు పెద్ద సూట్‌కేసులతో నిలబడి, తెలిసినవాళ్ళ ద్వారా నా నంబరు సంపాదించి ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి చీకటి పడుతోంది. ప్రింటు తీసిన అద్దె ఒప్పందం చేతిలో పట్టుకుని, అందులోని యజమాని పేరు కోసం పలక మీది పద్నాలుగు పేర్లనూ వేలితో తడుముతోంది. అప్పటికి ఎన్నోసారో. ఒక బెల్లు నొక్కితే పెద్దావిడ ఒకరు కిందికి దిగివచ్చారు. ఫోనులో గది ఫొటోలు చూసి, ఆ కిటికీలు ఈ భవనానివి కావన్నారు. ఇలా వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలో ఈ అమ్మాయి ఆ నెలలో రెండో మనిషట.

వీధి నిజం, ఇంటి నంబరు నిజం, గది మాత్రం లేదు. 450 యూరోల అద్దె, 900 యూరోల డిపాజిట్, మొత్తం 1,350 యూరోలు మూడు వారాల ముందే వరంగల్‌లోని వాళ్ళ నాన్న ఖాతా నుంచి వెళ్ళిపోయాయి.

ఆ అమ్మాయి అజాగ్రత్తగా ఏమీ లేదు. ఒప్పందం మొత్తం అనువదించుకుని చదివింది. యజమాని గుర్తింపు కార్డు అడిగి తెప్పించుకుంది. అంతకుముందు అద్దెకు దరఖాస్తు చేసిన మరెవరి దగ్గరో కాజేసిన కార్డు అయి ఉండాలి. చిరునామాను మ్యాపులో చూసింది. తను పరిశీలించినవన్నీ కాగితాలు, ఫొటోలు. వాటిని ఎవరైనా ఎక్కడ కూర్చునైనా తయారు చేయగలరు.

అప్పటి నుంచి నన్ను సలహా అడిగే పిల్లలకు ఒకటే చెబుతున్నాను. గది దొరికే దారులు చాలా ఉన్నాయి. వాటిని అద్దెతోనో, ఫొటోలతోనో పోల్చకండి. డబ్బు మీ ఖాతా దాటే క్షణానికి మీ చేతికి ఏం వచ్చి ఉంటుందో చూడండి. ఆ లెక్కన చూస్తే ఇంటి దగ్గర నుంచే డబ్బు కట్టదగిన దారులు రెండే మిగులుతాయి. మిగతావన్నీ విమానం దిగాక చూసుకోవలసినవి.

విద్యార్థి వసతి గృహం

మొదటి దారి విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం స్టుడీరెండెన్‌వెర్క్ అనే సేవాసంస్థలు నడిపే వసతి గృహాలు. ప్రతి ప్రాంతానికీ ఒకటి ఉంటుంది, ప్రభుత్వ చట్టం కింద నడుస్తుంది. ఇక్కడ ఒప్పందం సంస్థతో. మధ్యలో మనిషి ఉండడు. డిపాజిట్ ముందే కట్టమంటారు, ధైర్యంగా కట్టవచ్చు. అయితే ఖాతా వివరాలు ఈమెయిల్లో వస్తే వాటిని ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో మీరే వెతికి తీసిన నంబరుకు ఫోను చేసి సరిచూసుకోండి. ఈమెయిల్లో ఉన్న నంబరుకు చేయకండి.

ఇందులో మోసపోయే ప్రమాదం దాదాపు లేదు. ఇబ్బంది అంతా నిరీక్షణతోనే. మ్యూనిక్‌లో కొన్ని సెమిస్టర్లు పడుతుంది. మాగ్డెబుర్గ్, కెమ్నిట్స్ వంటి ఊళ్ళలో పరిస్థితి చాలా మెరుగు. అందుకే ప్రవేశ పత్రం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. వీసా వచ్చాక పెడదాంలే అని ఆగినవాళ్ళే ఆగస్టులో కంగారుపడి ఏదో ఒక ప్రకటన పట్టుకుంటారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో చేరేవాళ్ళు మరో సంగతి అడిగి తెలుసుకోవాలి. ఆ విశ్వవిద్యాలయం స్టుడీరెండెన్‌వెర్క్ పరిధిలో లేకపోతే మీకు ఈ గదులకు అర్హత ఉండదు. బెర్లిన్‌కు వచ్చే మన పిల్లల్లో చాలామంది ప్రైవేటు సంస్థల్లోనే చేరుతున్నారు కాబట్టి ఫీజు కట్టేముందే ఈ ప్రశ్న అడగాలి.

మొదటి నెలకు తాత్కాలిక బస

రెండో దారి, నా దృష్టిలో ఎక్కువమందికి సరిపోయేది, మొదటి మూడు నాలుగు వారాలకు మాత్రమే బస చూసుకుని వెళ్ళడం. హాస్టలు కావచ్చు, నెలవారీగా ఇచ్చే సామాను ఉన్న గది కావచ్చు. పేరున్న బుకింగ్ వేదిక ద్వారా, ఆ వేదిక లోపలే, కార్డుతో కట్టాలి. దిగాక గది లేకపోతే వేదికను నిలదీయవచ్చు, కార్డు ఇచ్చిన బ్యాంకులో అభ్యంతరం పెట్టవచ్చు. విదేశీ ఖాతాకు నేరుగా పంపిన డబ్బుకు ఇవేవీ ఉండవు. కొన్ని నెలవారీ అద్దె వేదికలైతే మీరు గదిలో దిగాకే డబ్బును యజమానికి విడుదల చేస్తాయి. అలాంటిది దొరికితే మరీ మంచిది.

మోసగాళ్ళకూ ఈ నమ్మకం సంగతి తెలుసు. ప్రకటన ఒక చోట చూస్తారు, మాట వాట్సాప్‌కు మారుతుంది, తర్వాత 'ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా కట్టండి, మీ డబ్బు భద్రం' అంటూ ఒక లింకు వస్తుంది. తెరిస్తే అచ్చం అసలు పేజీలాగే ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీ బసలు బుక్ చేసుకునే సైటు మాత్రమే. అది ఇంటి తాళాలు దాచదు, మనుషులను పంపి ఇళ్ళు చూపించదు. అలా చెబుతూ వచ్చిన లింకు ఏదైనా నకిలీదే. మీరు స్వయంగా చిరునామా టైపు చేసి వెళ్ళిన సైటులో ఆ గది కనిపించకపోతే అక్కడితో ఆపేయండి.

ఈ దారి ఖరీదైనదే. బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో ఒక నెల తాత్కాలిక గదికి మామూలు అద్దె కన్నా బాగా ఎక్కువే అవుతుంది. కన్నవాళ్ళకు అది వృథా ఖర్చుగా కనిపిస్తుంది. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ ఖాతాలో నెలకు వచ్చేది 992 యూరోలే (2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 వేయాలి). అది కూడా జర్మనీ చేరి, బ్యాంకు ఖాతా తెరిచాకే చేతికి వస్తుంది. అందుకని ఈ మొదటి నెల ఖర్చు ఇంటి నుంచి విడిగా తెచ్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి తీసుకుంటే భారం తగ్గుతుంది. 1,350 యూరోలు పోగొట్టుకుని, పైన హాస్టలు ఖర్చు కూడా పెట్టుకున్నవాళ్ళను చూశాను గనక, ఈ ఒక్క ఖర్చు దగ్గర మాత్రం వెనకాడవద్దని బతిమాలుతున్నాను.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న: 'మరి అన్‌మెల్డుంగ్ సంగతి?' అన్‌మెల్డుంగ్ అంటే ఊరి కార్యాలయంలో నివాసం నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయాలి, దానికి ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. 'నువ్వు దిగిన రెండు వారాల్లో నమోదు కాకపోతే జరిమానా పడుతుంది, కనుక ఇప్పుడే డిపాజిట్ పంపు' అని మోసగాళ్ళు భయపెట్టేది దీన్ని చూపించే. ఆ రెండు వారాల లెక్క నివాసంగా ఒక ఇంట్లో చేరిన నాటి నుంచి మొదలవుతుంది. విమానం దిగిన రోజుతోనూ, హాస్టల్లో పడుకున్న రాత్రితోనూ దానికి సంబంధం లేదు. నివాస అనుమతి వంటి పనులకు నమోదు కావాలి కాబట్టి నెలల తరబడి సాగదీయకూడదు గానీ, మూడు వారాలు గది వెతుక్కోవడానికి తీసుకుంటే కొంప మునగదు. తాత్కాలిక గది ఇచ్చేవారు ధ్రువపత్రం ఇస్తారో లేదో బుక్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి. ఇచ్చేదైతే కాస్త ఎక్కువైనా దాన్నే ఎంచుకోండి.

వేగే గది, విడి ఫ్లాటు

మిగతా దారుల్లో జర్మనీ చేరాకే డబ్బు కదలాలి. నలుగురు కలిసి ఒక ఫ్లాటులో తలొక గదిలో ఉండడాన్ని వేగే అంటారు. వేగే-గెజూఖ్ట్ అనే సైటులో ఎక్కువగా దొరుకుతాయి. విడి ఫ్లాట్లకు ఇమ్మోబిలియన్‌స్కౌట్, క్లైన్‌అన్‌ట్సైగెన్ చూస్తారు. ఇవన్నీ నిజమైన సైట్లే, నిజమైన గదులే ఎక్కువ. వాటి మధ్యనే నకిలీ ప్రకటనలూ దూరుతాయి.

కొత్తవారికి విడి ఫ్లాటు కన్నా వేగే మేలంటాను. వేగేలో ఇప్పటికే మనుషులు ఉంటారు. మిమ్మల్ని వాళ్ళు చూడాలనుకుంటారు, ఏం చదువుతున్నావు, వంట చేస్తావా, రాత్రి ఎప్పుడు పడుకుంటావు అని అడుగుతారు. ఆ అడగడమే మీకు రక్ష. మీ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా 'గది మీదే, డిపాజిట్ పంపండి' అనేవాళ్ళు ఇల్లు పంచుకునే మనుషులు అయి ఉండరు. వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు కిటికీ తెరిచి వీధి చూపించమని, వంటగది కుళాయి తిప్పమని, కిందికి దిగి బెల్లు పలక మీద పేరు చూపించమని అడగండి. ముందే రికార్డు చేసిన వీడియోతో ఈ మూడూ చేయించలేరు. అంత చూశాక కూడా ముందస్తుగా డబ్బు పంపవద్దు. గది ఆపి ఉంచమని అడగండి, తాత్కాలిక బస నుంచి వెళ్ళి స్వయంగా చూడండి.

విడి ఫ్లాటులో పోటీ తీవ్రం. యజమానులు షూఫా అనే రుణ చరిత్ర పత్రం, జీతం రుజువులు అడుగుతారు. కొత్తగా వచ్చిన విద్యార్థి దగ్గర అవి ఉండవు. బ్లాక్డ్ ఖాతా పత్రం, ప్రవేశ పత్రం చూపిస్తే కొందరు ఒప్పుకుంటారు, చాలామంది ఒప్పుకోరు. అలాంటి మార్కెట్లో ఏ పత్రమూ అడగకుండా, ఊరి నడిబొడ్డున, సగం అద్దెకు ఫ్లాటు ఇస్తానని ఎవరైనా అంటే అనుమానించాల్సిందే. మ్యూనిక్‌లో ఒక్క వేగే గదే తరచుగా 700 యూరోలు దాటుతుంది. అదే డబ్బుకు బాల్కనీతో విడి ఫ్లాటు అంటే నమ్మడానికి కారణం లేదు. కథ కూడా ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: యజమాని డాక్టరో ఇంజినీరో, ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాడు, రాలేడు, డబ్బు అందగానే తాళాలు కొరియర్లో పంపుతాడు.

కళ్ళారా చూస్తే చాలా అంటే అదీ చాలదు. కొందరు మోసగాళ్ళు ఒక ఫ్లాటును నాలుగు రోజులకు అద్దెకు తీసుకుని, తామే యజమానులమని పదిమందికి చూపించి, అందరి దగ్గరా నగదు డిపాజిట్ తీసుకుని మాయమవుతారు. అందుకే చట్టం ఏం చెబుతోందో తెలిసి ఉండాలి. డిపాజిట్‌ను కౌట్సియోన్ అంటారు. హీటింగ్, నీళ్ళ వంటి అదనపు ఖర్చులు కలపని అసలు అద్దెకు మూడు రెట్లు మించకూడదు. మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీది, అందులో మొదటిది అద్దె కాలం మొదలైనప్పుడు చెల్లించాలి. అసలు అద్దె 400 అయితే కౌట్సియోన్ 1,200 దాటదు, మొదటి రోజున అందులో మీరు కట్టాల్సింది 400. నిజమైన యజమానులు కూడా మొత్తం ఒకేసారి అడగడం కద్దు. మంచి గది అయితే ఇవ్వవచ్చు, అది మీ ఇష్టం. తాళం చేతికి రాకముందే అడిగితే మాత్రం 'తాళాలు తీసుకునే రోజు బ్యాంకు ద్వారా పంపుతాను' అని మర్యాదగా రాయండి. ఆ ఒక్క వాక్యానికి వచ్చే జవాబుతో చాలా తేలిపోతుంది. నిజమైనవారు సరే అంటారు, లేదా కారణం చెబుతారు. మోసగాడు వేరే ముగ్గురు వరుసలో ఉన్నారని గంటలోపు కట్టమంటాడు.

జర్మనీలో ఖాతా తెరిచాక కట్టడంలో ఇంకో మేలుంది. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు, డబ్బు పంపేముందు ఖాతా నంబరూ పేరూ ఒకరివేనా కాదా అని సరిచూసి చెప్పాలి. ఒప్పందంలో ఒక పేరు, ఖాతాకు మరో పేరు ఉంటే అక్కడే బయటపడుతుంది. మన దేశం నుంచి పంపేటప్పుడు ఈ రక్షణ ఉండదు.

ఇల్లు చూపించడానికి రుసుము అడిగితే ఇవ్వకండి. ఏజెంటు కమిషన్ కూడా, మీరు రాతపూర్వకంగా పురమాయించి ఇల్లు వెతికించుకుంటే తప్ప మీరు కట్టనక్కరలేదు. 2015 జూన్ నుంచి ఎవరు పురమాయిస్తే వారే కట్టాలన్నది చట్టం.

మనవాళ్ళ గ్రూపులు

దీని గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాయక తప్పదు. జర్మనీలో ప్రతి ఊరికీ తెలుగువాళ్ళ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు ఉన్నాయి. అర్ధరాత్రి విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళి, వారం రోజులు ఇంట్లో పెట్టుకుని పప్పన్నం పెట్టిన అన్నలు, అక్కలు ఆ గ్రూపుల్లోనే ఉన్నారు. నేనూ అలాంటి సాయంతో నిలదొక్కుకున్నవాణ్ణే. గది గురించిన మొదటి సమాచారానికి వీటిని మించినవి లేవు.

కానీ తెలుగు మాట్లాడటం గదికి హామీ కాదు. 'అన్నా, మాది కరీంనగరే' అని మొదలయ్యే మాటకు మనసు కరుగుతుంది, రసీదు అడగడానికి మొహమాటం అడ్డు వస్తుంది. గ్రూపులో నంబరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఎవరికీ తెలిసి ఉండనక్కరలేదు. అడ్మిన్‌కు వ్యక్తిగతంగా తెలుసా, ఆ ఇంట్లో ఉండి ఖాళీ చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగడం అవమానించడం కాదు.

పచ్చి మోసం కన్నా ఇక్కడ ఎక్కువగా జరిగేది మరొకటి. యజమాని ఒకరికి ఇచ్చిన గదిలో ముగ్గురిని పెట్టి, ముగ్గురి దగ్గరా అద్దె తీసుకోవడం. గది ఉంది, మంచం ఉంది, నిద్రపడుతుంది. అయితే యజమాని అనుమతి లేకుండా తిరిగి అద్దెకు ఇస్తే అసలు అద్దెదారు ఒప్పందమే రద్దు కావచ్చు. అప్పుడు మీరూ రోడ్డు మీదే. పైగా ధ్రువపత్రం ఇవ్వరు కాబట్టి అన్‌మెల్డుంగ్ జరగదు. అందుకని ఉప అద్దె గది అయితే యజమాని రాతపూర్వక అనుమతి చూపించమని అడగండి, కాగితం మీద చిన్న ఒప్పందమైనా రాసుకోండి.

కొన్ని గ్రూపుల్లో గది లేకుండా 'నమోదుకు చిరునామా మాత్రం' అమ్ముతున్నారు. దాని జోలికి వెళ్ళకండి. నివసించని ఇంట్లో నివసిస్తున్నట్టు ధ్రువపత్రం ఇచ్చేవారికి 50,000 యూరోల దాకా జరిమానా వేయవచ్చు. తప్పుడు నమోదు చేసుకున్నవారి మీదా చర్య ఉంటుంది, ఆ మచ్చ నివాస అనుమతి దగ్గర తలనొప్పి తెస్తుంది. మీ బ్యాంకు ఉత్తరాలన్నీ ముక్కూమొహం తెలియని మనిషి పెట్టెలో పడతాయన్నది వేరే సంగతి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కన్సల్టెన్సీ 'వసతితో సహా' అని ప్యాకేజీ ఇస్తే ఒక్కటే అడగండి: ఒప్పందం ఎవరి పేరుతో, ఏ చిరునామాకు? అది చూపించకుండా రుసుము అడిగితే వద్దనండి.

ఎవరికి ఏది

చిన్న ఊరికి, ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారు వసతి గృహం కోసం పట్టుబట్టండి. మిగతావి చూడాల్సిన అవసరమే రాకపోవచ్చు. బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళేవారు వసతి గృహానికి దరఖాస్తు పెట్టి, దాని మీద ఆశ పెట్టుకోకుండా నెల రోజుల తాత్కాలిక బస తీసుకోండి. శీతాకాల సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది, అందరూ సెప్టెంబరు నెలాఖరులోనే దిగుతారు. వీసా అనుమతిస్తే సెప్టెంబరు మొదటి వారంలోనే చేరండి. ఆ మూడు వారాల్లో గదులు చూడటం అక్టోబరులో చూడటం కన్నా ఎంతో సులువు. కుటుంబంతో ఉద్యోగానికి వెళ్ళేవారు కంపెనీని రెండు నెలల తాత్కాలిక బస అడగండి. అడిగితేనే ఇస్తారు.

పాస్‌పోర్టు నకలు మాత్రం ఒప్పందం దశకు రాకముందు ఎవరికీ పంపకండి. పంపక తప్పకపోతే 'అద్దె దరఖాస్తుకు మాత్రమే' అని, తేదీ వేసి, ఫొటో మీదుగా అడ్డంగా రాసి పంపండి. మీ పాస్‌పోర్టుతోనే రేపు మరొకరిని మోసం చేస్తారు.

ఇప్పటికే డబ్బు పంపేసి అనుమానం వచ్చినవారు ఈ వ్యాసం మిగతాది తర్వాత చదవండి. ముందు డబ్బు పంపిన బ్యాంకుకు ఫోను చేసి బదిలీని వెనక్కు రప్పించమని అడగండి. మన దేశపు ఖాతా అయితే 1930 సైబర్ నేరాల నంబరుకు ఇంట్లోవాళ్ళ చేత ఫోను చేయించండి. జర్మనీలో ఉంటే పోలీసుల ఆన్‌లైన్ పేజీలో, ఓన్లైన్‌వాఖె అంటారు, ఫిర్యాదు ఇవ్వవచ్చు. చాటు, ప్రకటన, ఖాతా నంబరు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, ప్రకటన ఏ క్షణాన్నైనా మాయమవుతుంది. ప్రకటన వచ్చిన సైటుకూ తెలియజేయండి.

ఆ సాయంత్రం ఆ అమ్మాయిని హాస్టల్లో దించి, ఆ రాత్రే వాళ్ళ నాన్నతో మాట్లాడాను. ఆయన బ్యాంకుకు మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. డబ్బు వెళ్ళి ఇరవై రెండు రోజులైందని, అవతలి ఖాతా ఖాళీ అయిపోయిందని చెప్పారట.